రెండు సెకన్ల వెనుక

రీపర్ అనే అమెరికన్ యుద్ధ డ్రోన్‌ను నడిపిన పైలట్లలో చాలామంది ఏళ్ల తరబడి దాన్ని ఒక్కసారి కూడా నేల మీద నుంచి లేపలేదు, నేల మీదికి దించలేదు. లాస్ వేగస్‌కు వాయవ్యంగా 70 కిలోమీటర్ల దూరాన, నెవాడా ఎడారి మధ్య ఉన్న క్రీచ్ వైమానిక స్థావరంలో వాళ్లు కుర్చీలో కూర్చునేసరికి విమానం అఫ్గానిస్థాన్ మీద ఎక్కడో 20 వేల అడుగుల ఎత్తున తిరుగుతూ ఉండేది. దాన్ని లేపింది కాందహార్ లాంటి చోట, రన్‌వేకి దగ్గర్లోనే కూర్చున్న మరో ఇద్దరు. పని ముగిశాక దించేదీ వాళ్లే. ఎఫ్-16 యుద్ధవిమానాలు నడిపి చెయ్యి తిరిగినవాళ్లు డ్రోన్ల విభాగానికి వచ్చినా పద్ధతి మారలేదు. వాళ్లకు విద్య చాలక కాదు, అడ్డు వచ్చింది కాంతివేగం.

నెవాడా నుంచి పైలట్ ఇచ్చే ఆదేశం ముందు సముద్రగర్భ కేబుళ్ల మీదుగా జర్మనీలోని రామ్‌స్టైన్ స్థావరానికి వెళ్లేది. అక్కడి నుంచి భూస్థిర ఉపగ్రహానికి, ఉపగ్రహం నుంచి విమానానికి. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావాలంటే 72 వేల కిలోమీటర్లు తక్కువ కాదు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తే రేడియో తరంగానికి కూడా ఆ దూరం పావు సెకను పని. విమానం స్పందించి, దాని కెమెరా బొమ్మ అదే దారిన వెనక్కి రావడానికి మరో పావు సెకను. ఇది ప్రకృతి వసూలు చేసే పన్ను. ఎంత డబ్బు పోసినా తగ్గదు. దానిమీద మనం వేసుకున్న పన్నులు వేరే ఉన్నాయి. వీడియోను కుదించడం, రహస్య సంకేతంలోకి మార్చడం, అవతల దాన్ని విప్పడం, కేబుల్ దారిలో రూటర్ల దగ్గర ఆగడం. అన్నీ కలిసి దాదాపు రెండు సెకన్లు అయ్యేది. అంటే పైలట్ తెర మీద చూసేది ఎప్పుడూ ‘ఇప్పుడు’ కాదు. జరిగిపోయిన దాన్ని చూసి, ఇంకా జరగని దానికి చెయ్యి కదపాలి.

ఆకాశంలో నిలకడగా తిరుగుతున్నంతసేపు ఈ ఆలస్యం పెద్ద బాధ కాదు. రీపర్‌కు ఆటోపైలట్ ఉంది. గమ్యాలు, ఎత్తు, వేగం చెబితే తనే పోతుంది. చిక్కంతా నేల దగ్గర. సెకనుకు 40 మీటర్ల వేగంతో రన్‌వేని సమీపిస్తున్న విమానాన్ని ఊహించండి. ఎదురుగాలికి ముక్కు కొంచెం పైకి లేచింది. ఆ సంగతి పైలట్‌కు తెలిసి, అతను చేసిన దిద్దుబాటు అమలై, తెరమీద కనిపించేసరికి విమానం 80 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. దిద్దుబాటు అందలేదేమోనని అతను మరికొంచెం దిద్దుతాడు. మొదటిదీ రెండోదీ కలిసి ముక్కు అవసరానికి మించి కిందికి దిగుతుంది. కంగారుగా పైకి లాగుతాడు. ఈసారి ఇంకా ఎక్కువ లేస్తుంది. ఊపు ప్రతిసారీ పెరిగిపోతుంది. విమానశాస్త్రంలో దీన్ని పైలట్ ప్రేరిత డోలనం అంటారు. ఆలస్యం ఉన్న ఏ నియంత్రణ వలయంలోనైనా పుట్టే జబ్బు ఇది. విచిత్రం ఏమిటంటే, వేగంగా స్పందించే చురుకైన పైలట్‌నే ఇది ముందు పట్టుకుంటుంది. అందుకే లేపే, దించే పని రన్‌వే దగ్గర నేరుగా యాంటెన్నాతో మాట్లాడే బృందానికి వదిలేశారు. వాళ్ల సంకేతానికి ఉపగ్రహం అక్కర్లేదు, ఆలస్యమూ దాదాపు ఉండదు. అమెరికా డ్రోన్ దళంలో మూటాముల్లె సర్దుకుని నెలల తరబడి నిజంగా యుద్ధభూమికి వెళ్లినవాళ్లు ముఖ్యంగా వీళ్లూ, విమానం మరమ్మతులు చూసే మెకానిక్కులూ. ఈమధ్య విమానమే తనంతట తాను లేచి దిగే సాఫ్ట్‌వేర్ రావడంతో ఈ ఏర్పాటు మెల్లగా మారుతోంది.

ఈ పద్ధతి ఒక్కరోజులో రాలేదు. ప్రెడేటర్ అనే మొదటి తరం డ్రోన్ 1994లో తొలిసారి ఎగిరింది. బాగ్దాద్‌లో పుట్టి, ఇజ్రాయెల్‌లో పెరిగి, అమెరికా వచ్చిన ఏబ్రహం కరీమ్ అనే ఇంజనీరు నమూనాల నుంచి అది ఎదిగింది. 1995లో బోస్నియా మీద చూపు వేయడానికి దాన్ని అల్బేనియా నుంచి ఎగరేశారు. అప్పుడు దానిది కళ్లపనే, చేతిలో ఆయుధం లేదు. 2001 ఫిబ్రవరిలో హెల్‌ఫైర్ క్షిపణిని దాని రెక్కకు తగిలించి పరీక్షించారు. అదే ఏడాది అక్టోబరు 7న, అఫ్గాన్ యుద్ధం మొదటి రాత్రే, నిజంగా వాడారు. ప్రెడేటర్‌ను 2018 మార్చిలో అమెరికా వైమానిక దళం విశ్రాంతికి పంపింది. దాని స్థానం తీసుకున్న రీపర్ రెక్కల పొడవు 20 మీటర్లు, 900 అశ్వశక్తి టర్బోప్రాప్ ఇంజన్, నిండా నింపితే బరువు 4,760 కిలోలు. బొమ్మ విమానం అనుకుంటే పొరపాటే.

ఇక కుర్చీల సంగతి. కంటెయినరంత గదిలో ఎడమవైపు పైలట్, కుడివైపు సెన్సర్ ఆపరేటర్. పైలట్ అధికారి హోదా ఉన్నవాడు. విమానం బాధ్యత, క్షిపణి వదిలే మీట అతనివి. సెన్సర్ ఆపరేటర్ సాధారణంగా సార్జెంటు స్థాయి లేదా అంతకన్న కింద. కొందరు హైస్కూలు దాటి ఏడాది రెండేళ్లయిన కుర్రాళ్లు, అమ్మాయిలు. కెమెరా గోళం, దాంట్లోని పరారుణ సెన్సరు, లేజర్ వీళ్ల చేతిలో ఉంటాయి. మూడో మనిషి నిఘా సమాచారాన్ని అటూ ఇటూ అందించేవాడు; అతను పక్క గదిలో ఉండొచ్చు, పక్క భవనంలో ఉండొచ్చు. వీడియోను చూసి విశ్లేషించేవాళ్లు మరో రాష్ట్రంలో, నేలమీది సైనికులు మరో ఖండంలో. ఒక ప్రాంతం మీద 24 గంటలూ ఒక డ్రోన్ కన్ను ఉంచాలంటే వెనక 150 మందికి మించి పనిచేయాలని అమెరికా వైమానిక దళం లెక్కలే చెప్పాయి. మనిషి లేని విమానం వల్ల మనుషుల ఖర్చు తగ్గుతుందని ఆశపడ్డ లెక్కల గుమాస్తాలకు ఇది మింగుడు పడలేదు.

శిక్షణ విషయానికి వస్తే, మొదట్లో డ్రోన్ పైలట్లకంటూ వేరే దారి లేదు. యుద్ధవిమానాలు, రవాణా విమానాలు నడిపేవాళ్లను పిలిచి డ్రోన్ల దగ్గర కూర్చోబెట్టారు. వాళ్లలో చాలామందికి అది శిక్షలా తోచింది. అవసరం పెరిగేకొద్దీ వాళ్లు చాలలేదు. 2009లో, ఇతర విమానాలేవీ నడపని కొత్తవాళ్లను నేరుగా డ్రోన్లకే తయారుచేసే ప్రయోగం మొదలైంది. ఆ దారి ఇప్పుడు స్థిరపడింది. ముందు కొలరాడోలోని ప్వెబ్లోలో రెండు సీట్ల చిన్న ప్రొపెల్లర్ విమానంలో నిజంగా ఎగరాలి, చివరికి ఒంటరిగా కూడా. తర్వాత టెక్సాస్‌లోని రాండాల్ఫ్ స్థావరంలో సిమ్యులేటర్ల మీద, బయట ఏమీ కనిపించనప్పుడు కేవలం పరికరాలు చూసి నడపడం నేర్చుకోవాలి. ఆ పైన న్యూ మెక్సికోలోని హాలోమన్ స్థావరంలో అసలు డ్రోన్. పైలట్, సెన్సర్ ఆపరేటర్ పక్కపక్కన కూర్చుని ఒక జంటగా తయారయ్యేది అక్కడే. మొత్తం సుమారు ఏడాది పని.

కుర్చీలో కూర్చుని నడిపేవాడికి నిజమైన విమానంలో ఎగరడం ఎందుకు నేర్పాలి? ఈ ప్రశ్న ఖర్చు తగ్గించాలనుకునేవాళ్లు ఎప్పుడూ వేస్తూనే ఉంటారు. జవాబు మన చెవి లోపల ఉంది. లోపలి చెవిలో మూడు అర్ధవృత్త నాళాలు తల తిరిగే తీరును, రెండు చిన్న సంచులు వేగంలో మార్పును పసిగడతాయి. విమానంలో కూర్చున్న పైలట్‌కు ఇంజన్ శబ్దం మారడం, కుర్చీ వీపును నెట్టడం, కడుపులో తేలినట్టు కావడం, కాలిన వైరు వాసన — ఇవన్నీ పరికరాలు చూడకముందే కబురు చెబుతాయి. కంటెయినర్ గదిలో ఏసీ రొద తప్ప ఏమీ లేదు. విమానం గాలి గుంటల్లో పడి కుదుపులు తింటుంటే పైలట్‌కు తెలిసేది తెరమీద బొమ్మ వణకడం ద్వారా మాత్రమే. రెక్కల మీద మంచు పేరుకుంటే వేగం అంకె తగ్గడం చూసి ఊహించాలి. ఒకసారైనా ఒళ్లు ఆకాశంలో ఉన్నవాడికి ఆ అంకె వెనక ఏం జరుగుతోందో మనసులో బొమ్మ కడుతుంది. లేనివాడికి అది అంకెగానే మిగులుతుంది. ప్వెబ్లోలో ఆ కొద్ది గంటలకు పెట్టే ఖర్చు దండగ కాదనే నా అభిప్రాయం.

సెన్సర్ ఆపరేటర్ నేర్చుకునేది ఇంకా కష్టమైన విద్య. దాని గురించి రాసేవాళ్లు తక్కువ. జూమ్ చేసిన డ్రోన్ కెమెరాతో నేలను చూడటం బొప్పాయి ఆకు కాడలోంచి ఊరిని చూడటం లాంటిది. మనిషి నడక కనిపిస్తుంది, అతను ఏ వీధిలో ఉన్నాడో కనిపించదు. వెనక్కి జరిగితే వీధి కనిపిస్తుంది, మనిషి చుక్క అయిపోతాడు. ఎప్పుడు దగ్గరికి పోవాలో, ఎప్పుడు వెనక్కి రావాలో తెలియడమే సగం పని. హాలోమన్‌లో దీన్ని కదిలే వాహనాలను వెంబడిస్తూ సాధన చేస్తారు. చెట్టు కిందికో, వంతెన కిందికో పోయిన బండి అవతల ఎక్కడ తేలుతుందో ముందే లెక్కగట్టి కెమెరాను అక్కడ ఉంచాలి. రెండు సెకన్ల ఆలస్యం ఇక్కడా వెంటాడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే జీపు రెండు సెకన్లలో 33 మీటర్లు జరుగుతుంది. మామూలుగా నడిచే మనిషి దాదాపు మూడు మీటర్లు, అంటే ఒక గుమ్మం లోపలికి వెళ్లిపోయేంత దూరం.

హెల్‌ఫైర్ క్షిపణి లేజర్ చుక్కను వెతుక్కుంటూ పోతుంది. 45 కిలోలకు పైబడిన ఆ క్షిపణి ముక్కున ఉన్న సెన్సరుకు లక్ష్యమంటే ఏమిటో తెలియదు; లేజర్ కాంతి ఎక్కడి నుంచి తిరిగొస్తుందో అక్కడికి పోవడమే దాని పని. మీట నొక్కేది పైలట్ అయినా, అది నేలను తాకేదాకా ఆ చుక్కను కదలకుండా పట్టి ఉంచేది సెన్సర్ ఆపరేటర్. దూరాన్ని బట్టి అది అర నిమిషం దాకా పట్టొచ్చు. ఆ అర నిమిషంలో ఒక పిల్లవాడు సైకిలు మీద మలుపు తిరిగి వస్తే చుక్కను పక్కనున్న బీడు భూమిలోకి జరిపి క్షిపణిని దారి మళ్లించే అవకాశం కొన్ని సెకన్ల దాకానే ఉంటుంది, అందులో రెండు అప్పటికే ఆలస్యానికి పోయాయి. కాబట్టి చుక్కను ఎటు జరపాలన్నది క్షిపణి వదలకముందే ఇద్దరూ మాట్లాడి పెట్టుకోవాలని నేర్పుతారు.

పరారుణ కెమెరా చూపే బొమ్మను గురించి కూడా కొంచెం చెప్పుకోవాలి. అది వెలుగును కాదు, వేడిని చూస్తుంది. రాత్రీ పగలూ తేడా లేదు. వేడి వస్తువు తెల్లగా, చల్లనిది నల్లగా. మీట నొక్కితే తిరగబడుతుంది. కానీ బట్టల రంగు తెలియదు, ముఖం తెలియదు. ఆరేడు కిలోమీటర్ల దూరం నుంచి, ఏటవాలుగా, ఒక మనిషి తెర మీద కొద్దిపాటి చుక్కల సమూహం. అతని చేతిలోది తుపాకీయా, పారా, చేతికర్రా? కూర్చున్నది పెద్దవాడా, నించున్నది చిన్నవాడా? కంటి నుంచి వచ్చిన చుక్కలకు మెదడు అర్థం కడుతుంది. ఆ అర్థంలో సగం అప్పటికే మనసులో ఉన్న ఊహ. యంత్రం ఖాళీ వదిలిన చోటల్లా ఆ ఊహే నింపుతుంది.

2010 ఫిబ్రవరి 21 తెల్లవారుజామున అఫ్గానిస్థాన్‌లోని ఉరుజ్‌గాన్ ప్రాంతంలో జరిగింది అదే. అక్కడికి దగ్గర్లో అమెరికా ప్రత్యేక దళం ఒకటి పనిలో ఉంది. రెండు ఎస్‌యూవీలు, ఒక పికప్ వరుసగా వస్తున్నాయి. క్రీచ్‌లోని ప్రెడేటర్ బృందం వాటిని గంటల తరబడి వెంబడించింది. బళ్లలో మగవాళ్లు ఎక్కువ, దారిలో దిగి నమాజు చేశారు, మళ్లీ బయల్దేరారు. శత్రువులు దాడికి వస్తున్నారన్న ఊహతో చూస్తుంటే ప్రతిదీ దానికి సరిపోయింది. ఫ్లోరిడాలో కూర్చుని అదే వీడియో చూస్తున్న విశ్లేషకులు పిల్లలు కూడా ఉన్నట్టుందని చాట్‌లో రాశారు. బృందానికి ఆ మాట రుచించలేదు. వాదులాట తర్వాత పిల్లలు ‘టీనేజీ కుర్రాళ్లు’గా మారిపోయారు, ఆ తర్వాత ఆయుధం పట్టే వయసువాళ్లుగా లెక్కలో కలిసిపోయారు. బళ్లు దళం ఉన్న వైపు కాక వేరే దిక్కుకు మళ్లినా ఊహ మారలేదు. చివరికి హెలికాప్టర్లు కాల్పులు జరిపాయి. పొగలోంచి బయటకు వచ్చినవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. అందరూ మామూలు ప్రయాణికులే. అమెరికా లెక్కలో చనిపోయినవాళ్లు 15 లేదా 16 మంది. గ్రామపెద్దల లెక్కలో 23 మంది, వాళ్లలో ఇద్దరు పసిపిల్లలు. విచారణ జరిపిన మేజర్ జనరల్ టిమతీ మెక్‌హేల్ తన నివేదికలో ప్రెడేటర్ బృందం ఇచ్చిన సమాచారం సరిగా లేదని, వృత్తికి తగినట్టు లేదని తప్పుపట్టారు. విమానం బాగానే ఎగిరింది. కెమెరా బాగానే పనిచేసింది. లింకు తెగలేదు.

పౌర విమానయానంలో ఈ పాఠం అప్పటికే ఉంది. 1977లో టెనరీఫ్ ద్వీపంలో రెండు జంబో విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయాక, కాక్‌పిట్‌లో చిన్న హోదావాడు పెద్ద హోదావాడిని ‘ఆగండి, నాకు సందేహంగా ఉంది’ అని అడ్డుకోవడం ఒక నైపుణ్యంగా నేర్పడం మొదలుపెట్టారు. డ్రోన్ గదిలో ఇరవై ఏళ్ల సెన్సర్ ఆపరేటర్ కెప్టెన్ హోదా ఉన్న పైలట్‌తో అలా అనగలగాలి. అంతకన్న కష్టమైనది, ఫ్లోరిడాలో ముఖం కూడా తెలియని మనిషి చాట్‌లో రాసిన ఒక్క వాక్యానికి పక్కనున్న సహచరుడి గొంతుకు ఇచ్చినంత విలువ ఇవ్వగలగడం. శిక్షణలో అన్నిటికన్న తక్కువ గంటలు దక్కేది దీనికే అని నాకు అనుమానం, ఎందుకంటే దీన్ని సిమ్యులేటర్‌లో మార్కులు వేసి కొలవడం కష్టం.

యంత్రాన్ని రూపొందించినవాళ్ల తప్పులూ ఈ గదిలో మనిషి ఖాతాలోనే పడతాయి. 2006 ఏప్రిల్ 25న అమెరికా-మెక్సికో సరిహద్దు మీద గస్తీ తిరుగుతున్న ప్రెడేటర్-బి డ్రోన్ అరిజోనాలోని నొగాలెస్ దగ్గర కూలిపోయింది. రీపర్‌కు అది తోబుట్టువే. పైలట్ తెర బిగుసుకుపోవడంతో అతను పక్కనున్న కెమెరా కన్సోల్‌కు మారి నియంత్రణ తీసుకున్నాడు. రెండు కన్సోళ్లూ ఒకే రకం. కానీ ఒకే మీట పైలట్ పనిలో ఇంజన్‌ను నడిపిస్తుంది, కెమెరా పనిలో కటకం ద్వారాన్ని పెంచి తగ్గిస్తుంది. ఆ క్షణంలో కెమెరా కోసం ఆ మీట ఉన్న స్థానం, ఇంజన్ భాషలో ‘ఇంధనం ఆపు’. మారేముందు రెండు కన్సోళ్ల మీటలూ ఒకే స్థానంలో ఉన్నాయో లేదో చూసుకోవాలని చెక్‌లిస్టులో ఉంది, చూసుకోలేదు. ఇంజన్ ఆగిపోయింది. విమానంలో ఉన్నవాడికైతే ఆ నిశ్శబ్దం వెంటనే చెవిన పడేది. ఎవరికీ దెబ్బలు తగలకపోవడం అదృష్టం. మీట చూసుకోనిది పైలట్ తప్పే; కానీ ఒకే మీటకు ఇంజన్‌నూ కెమెరానూ అప్పజెప్పినవాడిది దానికన్న పెద్ద తప్పు.

లింకు పూర్తిగా తెగిపోతే ఏం చేయాలన్నది ప్రతి బృందం ఎగురుతున్నంతసేపూ సరిచూసుకుంటూ ఉండే విషయం. అలాంటప్పుడు విమానం ముందే నింపిపెట్టిన దారిలో సురక్షితమైన చోటికి పోయి చక్కర్లు కొట్టాలి. వాతావరణం మారినా, విమానం కొత్త ప్రాంతానికి పోయినా ఆ దారిని మార్చి రాయాలి. 2009 సెప్టెంబరులో ఒక రీపర్ అఫ్గానిస్థాన్ మీద మాట వినడం మానేసి సరిహద్దు వైపు పోతుంటే, అది దేశం దాటేలోపు అమెరికా ఎఫ్-15 యుద్ధవిమానమే దాన్ని కూల్చింది.

ఇన్ని ప్రమాదాలు చెప్పాను గనుక డ్రోన్ గదిలో ప్రతిక్షణం ఉత్కంఠే అనుకోకండి. ఎక్కువ రోజులు ఏమీ జరగదు. ఒక ఇంటి ముంగిలిని రోజుల తరబడి చూడాలి. ఎవరు ఎప్పుడు లేస్తారు, ఎవరు మేకలను తోలుకుపోతారు, సాయంత్రం ఏ బండి వస్తుంది. చూసేవాడికి ఆ ఇంటి పిల్లల ఆటలు కూడా తెలిసిపోతాయి. ఎనిమిది, పది గంటల షిఫ్టులో కళ్లు తెర మీద నుంచి తిప్పకూడదు. మనిషి మెదడు దీనికి పనికిరాదని రెండో ప్రపంచయుద్ధం నాటికే తెలుసు. బ్రిటిష్ విమానాల్లో రాడార్ తెర ముందు కూర్చుని జర్మన్ జలాంతర్గాముల కోసం వెతికేవాళ్లు గస్తీ సాగేకొద్దీ కళ్లముందున్నదాన్నే వదిలేస్తున్నారని గమనించి, కేంబ్రిడ్జిలో నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు ఆ చిక్కు అప్పజెప్పారు. ఆయన అంకెలు లేని తెల్లని గడియారం లాంటి పరికరం చేయించాడు. ముల్లు సెకనుకొక గెంతు గెంతుతుంది. ఎప్పుడో ఒకసారి రెండు గెంతులు ఒకేసారి వేస్తుంది. అది కనిపెట్టి బొత్తం నొక్కడమే పని. రెండు గంటల పరీక్షలో, మొదటి అరగంట దాటగానే జనం గెంతులను వదిలేయడం పెరిగింది. వాళ్లు బద్ధకస్తులు కారు, కళ్లు మూయలేదు కూడా. అరగంట పని, అరగంట విశ్రాంతి ఇస్తే పట్టు నిలిచింది. 1948లో ఆయన ప్రచురించిన ఆ ఫలితాన్ని ఆ తర్వాత వందలాది పరిశోధనలు నిర్ధారించాయి. డ్రోన్ షిఫ్టులు వేసేవాళ్లకు సిబ్బంది కొరత వల్ల అరగంట లెక్క ఎన్నడూ కుదరలేదు.

ఒకప్పుడు అమెరికా నౌకాదళంలో యుద్ధవిమానాలు నడిపి, తర్వాత ఎంఐటీలో పరిశోధకురాలైన మిస్సీ కమింగ్స్ ఈ విసుగును నేరుగా పరీక్షించింది. నాలుగు గంటలపాటు పెద్దగా ఏమీ జరగని డ్రోన్ సిమ్యులేషన్ ముందు మనుషులను కూర్చోబెట్టింది. తెర మీదే చూపు నిలిపిన మనిషికే అత్యధిక మార్కులు వచ్చాయి. అంత పట్టు అరుదు. అయితే మధ్యమధ్యలో పక్కచూపులు చూసి, ఏదో తిని, మళ్లీ పనిలోకి వచ్చినవాళ్లలో కొందరు ఆ తర్వాతి స్థానాల్లో నిలిచారు. కొంచెం ధ్యాస మళ్లించుకోవడం మెదడును మేల్కొలిపి ఉంచుతుందన్నమాట. క్రమశిక్షణకు పేరుపడ్డ సైన్యంలో ఈ సలహా ఎలా అమలు చేస్తారో మీరే ఊహించుకోండి.

విసుగుకు నిద్ర తోడైంది. కాబూల్ గడియారం నెవాడా కంటే శీతాకాలంలో పన్నెండున్నర గంటలు, వేసవిలో పదకొండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ పట్టపగలు, ఇక్కడ అర్ధరాత్రి. అఫ్గాన్ పగటిని చూసేవాళ్లు నెవాడా రాత్రిని మేలుకుని గడపాలి. మన మెదడులో, కంటి నాడులు దాటుకునే చోటికి కాస్త పైన, శరీర గడియారాన్ని నడిపే చిన్న కణాల గుంపు ఉంది. దానికి వేళ చెప్పేది కంట పడే వెలుగు. రాత్రి షిఫ్టు చేసినవాడు తెల్లవారి 95వ నంబరు హైవే మీద ఎదురు ఎండలో కారు నడుపుకుంటూ ఇంటికి వచ్చేసరికి ఆ గడియారం ‘పగలు మొదలైంది’ అని తీర్మానిస్తుంది. నెలల తరబడి రాత్రి పనిచేసినా అది తిరగబడదు. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు దాకా చురుకుదనం అట్టడుగుకు పోతుంది. అఫ్గానిస్థాన్‌లో అది మధ్యాహ్నమై, దారులన్నీ జనంతో నిండి ఉండే వేళ.

కారు ప్రయాణం గంటలోపే. అంతకుముందు యుద్ధానికి పోయినవాడు ఇల్లు వదిలి, నెలలు గడిపి, తోటివాళ్లతో కలిసి తిరిగి వచ్చేవాడు. క్రీచ్ మనిషి సాయంత్రం యుద్ధానికి వెళ్లి, పొద్దున పాలప్యాకెట్టు కొనుక్కుని ఇంటికి వస్తాడు. అక్కడ చూసింది భార్యకు చెప్పకూడదు. క్షిపణి తగిలాక మిగిలినవాళ్లు వచ్చి శవాలను ఏరుకుపోవడం దాకా చూడటం అతని ఉద్యోగంలో భాగం. వేగంగా దాటిపోయే యుద్ధవిమానం పైలట్‌కు ఆ దృశ్యం కనిపించదు. దీనివల్ల మనసుకు తగిలే దెబ్బ ఎంత? ఇక్కడ పత్రికలు కొంత అతి చేశాయి. 2013లో ఓటో, వెబ్బర్ అనే ఇద్దరు 709 మంది డ్రోన్ పైలట్ల వైద్య రికార్డులను మామూలు విమానాల పైలట్ల రికార్డులతో పోల్చారు. వయసు, అనుభవం వంటివి సవరించాక రెండు గుంపుల మధ్య మానసిక రుగ్మతల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మరో సర్వేలో పీటీఎస్‌డీ (భయానక అనుభవం తర్వాత మనసును వేధించే రుగ్మత) లక్షణాలు 4.3 శాతం మందిలో కనిపించాయి; నేలమీద పోరాడి వచ్చిన సైనికుల్లో ఈ శాతం మామూలుగా ఇంతకన్న ఎక్కువ. సర్వేల్లో సిబ్బంది ముందుగా మొరపెట్టుకున్నవి మారిపోయే షిఫ్టులు, పొడవైన పనిగంటలు, తక్కువ మంది. ఓటో, వెబ్బర్‌లు చూసింది రికార్డులను మాత్రమే అనీ, మనసు బాగాలేదని ఒప్పుకుంటే ఎగిరే అర్హత పోతుందని పైలట్లు డాక్టరు దగ్గరికే పోరనీ గుర్తుపెట్టుకోవాలి. ఏమైనా, 2015లో అమెరికా వైమానిక దళం సిబ్బంది తట్టుకోలేక రోజువారీ డ్రోన్ గస్తీలను 65 నుంచి 60కి తగ్గించుకుంది. పై నుంచి ఆదేశాలు పెంచమనే వస్తున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది.

ఇప్పుడు ఈ విద్య మన దగ్గరికీ వచ్చింది. భారత నౌకాదళం 2020 నవంబరులో రీపర్ వంశానికే చెందిన రెండు సీ గార్డియన్ డ్రోన్లను లీజుకు తీసుకుని, తమిళనాడులో అరక్కోణం దగ్గరున్న ఐఎన్ఎస్ రాజాలి నుంచి హిందూ మహాసముద్రం మీద తిప్పడం మొదలుపెట్టింది. వాటిలో ఒకటి 2024 సెప్టెంబరులో బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ మరుసటి నెల మూడు దళాలకూ కలిపి 31 డ్రోన్లు కొనడానికి అమెరికాతో ఒప్పందం కుదిరింది. 15 నౌకాదళానికి, ఎనిమిదేసి మిగతా రెండింటికి. హైదరాబాద్‌లోని కర్మాగారంలో తయారైన దృష్టి-10 డ్రోన్‌ను నౌకాదళం 2024 జనవరిలో అందుకుంది. దాని మాతృక ఇజ్రాయెల్‌కు చెందిన హెర్మెస్ 900. భారత వైమానిక దళం 2022 అక్టోబరులో అధికారుల కోసం ఆయుధ వ్యవస్థల శాఖ అనే కొత్త శాఖను ప్రకటించి, 2024 జులై 1న బేగంపేట స్థావరంలో దానికొక శిక్షణ పాఠశాల తెరిచింది. దూరం నుంచి నడిపే విమానాలు అందులో ఒక పాఠ్యవిభాగం.

మన బృందాలకు నెవాడా వాళ్ల తిరగబడ్డ పగలూ రాత్రీ బాధ లేదు. అరక్కోణం మీదా, బంగాళాఖాతం మీదా సూర్యుడు ఇంచుమించు ఒకేసారి పొడుస్తాడు. కానీ వాళ్లు చూడవలసింది ఇంటి ముంగిలి కాదు, సముద్రం. గంటల కొద్దీ నీళ్లు, అప్పుడప్పుడూ ఒక చేపల పడవ. సరిగ్గా మాక్‌వర్త్ రాడార్ మనుషుల పనే. సీ గార్డియన్ 30 గంటలకు పైగా దిగకుండా ఎగరగలదు, మనిషి ఎగరలేడు కనుక ఒక్క ఎగురుడులోనే కుర్చీలు చాలాసార్లు చేతులు మారాలి. దిగిపోయే బృందం వచ్చే బృందానికి ఇంధనం, వాతావరణం, లింకు తెగితే పోవలసిన దారి ఒప్పజెబుతుంది. అవన్నీ చెక్‌లిస్టులో ఉంటాయి. ఉత్తరాన రెండు గంటలుగా ఇంజన్ ఆపుకుని తేలుతున్న పడవ గురించి తమకు ఏమనిపించిందో కూడా చెప్పాలి. అది తమ అనుమానం మాత్రమేనని, కళ్లారా చూసింది వేరని విడదీసి చెప్పాలి. చెక్‌లిస్టులో దానికి గడి ఉండదు. కొత్తగా వచ్చినవాడు ఆ మాటతోనే తెర వైపు తిరుగుతాడు, వచ్చే కొన్ని గంటలు అతనికి ఏం కనిపిస్తుందన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది.